ఏ మనంలో మేం?

తెలుగులో ఒక సదుపాయం ఉంది. ఎదుటి మనిషిని కలుపుకోవాలంటే మనం అంటాం. పక్కన పెట్టాలంటే మేం అంటాం. ఉర్దూలో రెంటికీ ఒకటే మాట, హమ్. మా ఇంట్లో రెండు భాషలూ ఉన్నాయి. మాలో ఒకరిది నల్లగొండ వైపు, ఉర్దూ మాట్లాడే ఇల్లు. ఇంకొకరిది గుంటూరు జిల్లా, దూదేకుల ఇల్లు, తాతముత్తాతల నుంచీ తెలుగే. పెళ్ళి మాటలప్పుడు ఒక వైపు పెద్దలు "దూదేకులోళ్ళు కదా, నమాజు వచ్చా?" అని అడిగారు. రెండో వైపు పెద్దలు "ఆ పిల్ల గోంగూర తింటుందా?" అని నవ్వారు. సర్టిఫికెట్లు కూడా వేరు వేరు. ఒకరిది బీసీ-బి, ఇంకొకరిది 2007లో వచ్చిన బీసీ-ఇ. ఇస్లాంలో కులం లేదని జుమ్మా రోజు వింటాం. తహసీల్దారు ఆఫీసులో ఉందని తెలుసుకుంటాం.

2025లో మాకు పెద్ద సంగతులేం జరగలేదు. ఒక పండుగ, ఒక ప్రయాణం, ఒక ఇల్లు మారడం. కానీ ఆ ఇల్లు మారడంలో ఒక ప్రశ్న పుట్టి మమ్మల్ని వదలడం లేదు. ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు చెప్పకపోవడం అబద్ధమవుతుందా?

ఉగాది దగ్గర మొదలుపెడతాం. ఆ ఏడు ఉగాది మార్చి 30న వచ్చింది. అదే రంజాన్ ఆఖరి రోజా. పక్క పోర్షన్ అక్క పొద్దున్నే పచ్చడి గిన్నె తెచ్చి, గుమ్మంలో నాలిక కరుచుకుంది. "అయ్యో, ఉపవాసం కదూ!" గిన్నె మీద మూత పెట్టి దాచాం. సాయంత్రం అజాన్ వినిపించాక ముందు ఖర్జూరం, తర్వాత వేపపువ్వు. పధ్నాలుగు గంటలు నీళ్ళు కూడా ముట్టని నోటికి ఆ చేదు ఎలా ఉంటుందో చెప్పలేం. కాసేపటికి చాంద్ కనిపించింది. తెల్లారి అదే గిన్నెలో షీర్ ఖుర్మా పోసి పంపాం. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని ఏ గ్రంథంలో ఉందో తెలీదు గానీ అందరూ పాటిస్తారు.

ఇది ఏటా జరిగేది కాదు. రెండు కేలెండర్లూ చూసేది చంద్రుణ్ణే. తెలుగు పంచాంగం మధ్యమధ్య అధికమాసం కలుపుకొని ఎండకీ వానకీ సర్దుకుంటుంది. హిజ్రీ సంవత్సరం సర్దుకోదు. ఏడాదికి పది పదకొండు రోజులు ముందుకి జరుగుతూ దాదాపు 33 ఏళ్ళకి మళ్ళీ అదే రుతువుకి వస్తుంది. సర్దుకునేవాళ్ళ పక్కన సర్దుకోనివాళ్ళు, కొన్నేళ్ళకొకసారి ఒకే గుమ్మంలో కలుస్తారు. అంతవరకే. దీన్ని పట్టుకుని మతసామరస్యం మీద ఉపన్యాసం ఇవ్వదలుచుకోలేదు. ఆ అక్క మాకు గిన్నె తెచ్చింది, సామరస్యం తేలేదు.

ఆ ఇల్లు మేలో ఖాళీ చెయ్యమన్నారు. ఓనరు కొడుకు వస్తున్నాడట, అందులో వేరే ఉద్దేశమేం లేదు. కొత్త ఇంటికోసం తిరగడంలోనే ఉన్నాయి ఉద్దేశాలన్నీ. టు-లెట్ బోర్డు ఉంటుంది. పేరు చెప్పగానే "నిన్ననే అడ్వాన్స్ ఇచ్చి వెళ్ళారండీ" అంటారు. వారం తర్వాత కూడా బోర్డు అక్కడే ఉంటుంది. "వెజిటేరియన్లకేనండీ" అన్నాయన వాకిట్లో కోళ్ళగంప ఉంది. ఒకాయన నిజాయితీపరుడు. "నాకభ్యంతరం లేదు, పై వాటా వాళ్ళు మీవాళ్ళని ఒప్పుకోరు" అన్నాడు. ఆ మీవాళ్ళు ఎవరు? మాలో ఒకరి అమ్మా, ఇంకొకరి అమ్మా ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోడానికే మూడేళ్ళు పట్టింది. ఆయన ఒక్క మాటతో ఇద్దర్నీ కలిపేశాడు.

జూలైలో నెల్లూరు వెళ్ళాం, రొట్టెల పండగకి. గుంటూరు నుంచి పోయే రైలు చీరాల దాటాక, ఒంగోలుకి ముందు కరవది మీదుగా పోతుంది. షేక్ చినమౌలానా సాహెబ్ పుట్టిన ఊరు. మాలో ఒకరికి ఆయన నాదస్వరం క్యాసెట్లు పోగుచేసే పిచ్చి. ప్లేయరు పాడైతే బాగుచేసేవాడు దొరకడు, పిచ్చి మాత్రం తగ్గదు. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అందుకుని, మరుసటేడు కన్నుమూసిన మనిషి. ఆయన్ని పొగిడేవాళ్ళు తరచూ ఒక మాట కలుపుతారు, "ముస్లిం అయినా". త్యాగరాజ కీర్తన అంత గొప్పగా వాయించాడు, ముస్లిం అయినా. ఆ అయినా మీద ఎన్నేళ్ళు ఊపిరి పోస్తే అది కరుగుతుంది?

బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె. కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు. తీరినవాళ్ళు తర్వాత వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు. మావాళ్ళలోనే దీన్ని షిర్క్ అనేవాళ్ళున్నారు. వాళ్ళతో వాదం పెట్టుకోం. పోయినేడు తీసుకున్న ఆరోగ్య రొట్టె తిరిగివ్వాలి, అత్తమ్మ మళ్ళీ నడుస్తోంది. అది ఇచ్చేశాక ఇంటి రొట్టె కోసం కేక వేశాం. నుదుట విభూతి, నెత్తిన కొంగు కప్పుకున్న ఒక పెద్దావిడ నీళ్ళలో నడిచి వచ్చింది. చెన్నై నుంచట. తమిళం కలిసిన తెలుగులో "మనకివ్వకుండా ఎవరికిస్తాడమ్మా" అంటూ రొట్టె చేతిలో పెట్టింది. మా పేర్లు అడగలేదు.

ఆగస్టులో ఇల్లు దొరికింది. ఎలా దొరికిందో చెప్పాలి. మాలో ఒకరి పేరు మస్తాన్‌తో మొదలవుతుంది. గుంటూరు, నెల్లూరు వైపు మస్తాన్‌రావులు, మస్తానమ్మలు హిందువుల్లో ఎంతమందో. నల్లగొండ వైపు జాన్‌పహాడ్ దర్గా పేరు మీద సైదులు అని పెట్టుకుంటారు. కడప వైపు దస్తగిరిలున్నారు. ఎప్పుడో మొక్కుకుని పుట్టిన బిడ్డలకి మా పీర్ల పేర్లు పెట్టుకున్నవాళ్ళ మనవలే వీళ్ళంతా. ఫోన్లో ఓనరు "మస్తాన్‌రావు గారా?" అన్నాడు. "సాయంత్రం వస్తామండీ" అన్నాం. అంతే. అవుననలేదు, కాదనలేదు. చీరలో వెళ్ళాం. ఆయన ఏమీ అడగలేదు.

ఇక్కడే మా ఇద్దరికీ తగువు. ఒకరి వాదన, ఆయన కులం మేం అడిగామా, మాదెందుకు చెప్పాలి? ఏమీ చెప్పకపోతే హిందువే అనుకోవడం ఆయన అలవాటు, ఆ అలవాటుకి మేం పూచీ కాదు. ఇంకొకరి వాదన, అన్నీ నియ్యత్‌లో ఉంటాయి. ఆయన పొరబడ్డాడని తెలిసి ఊరుకున్నాం, ఊరుకోవాలనే ఊరుకున్నాం. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ఎక్కడెక్కడ బొంకవచ్చో చెబుతాడు. పెళ్ళి, ప్రాణం, ధనం, మానం అన్నీ ఉన్నాయి, అద్దె ఇల్లు లేదు. మానం కింద వేసుకోవచ్చేమో. కానీ బలి ఆ సలహా తీసుకోలేదు. తీసుకోనందుకు ఏమైందో అందరికీ తెలుసు. ఉన్నదంతా పోయింది.

సామాను దించిన రోజు ఖురాన్ షరీఫ్‌ని ఆకుపచ్చ గుడ్డలో చుట్టి బట్టల పెట్టెలో, అడుగున పెట్టి తెచ్చాం. అన్నిటికంటే పైన ఉండాల్సింది అడుగున. అమ్మీ నల్లగొండ నుంచి వచ్చినప్పుడు లోపలి గదిలో నమాజు చేసుకోమన్నాం. ఆమె ఏమీ అనలేదు. జానమాజ్ మాత్రం ఎప్పుడూ లేనంత గట్టిగా దులిపింది. మా పాపకి ఆరేళ్ళు. తల్లిని అమ్మీ అంటుంది, తండ్రిని నాన్న అంటుంది. రెండూ ఇంట్లో సహజంగా వచ్చినవే. మెట్ల మీద అమ్మీ అనొద్దు, అమ్మా అని పిలువు అని చెప్పాం. ఓ రోజు ఓనరు భార్య ఎదురుగా ఉండగా పాప "అమ్మీ" అనబోయి, ఆగి, మా మొహాలు చూసి, అసలేమీ పిలవకుండా కొంగు పట్టుకుని లాగింది. ఆయనకి అబద్ధం చెప్పామో లేదో ఇంకా తేల్చుకోలేదు. దాన్ని ఎవరి నెత్తిన పెట్టామో మాత్రం ఆ పూట తెలిసింది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది, అదీ రాయాలి. నల్లగొండ వైపు పెళ్ళిళ్ళకి వెళ్తే మా చిన్నమ్మలు అల్లుణ్ణి "గుంటూరు వాళ్ళు" అని పరిచయం చేసి, దూదేకుల మాట మింగేస్తారు. తొమ్మిదేళ్ళుగా మింగుతూనే ఉన్నారు. అక్కడా మేం నవ్వి ఊరుకున్నాం. ఓనరు ముందు మూగబోవడం అక్కడ నేర్చుకున్నదే.

నవంబరులో ఒక రోజు అద్దె ఇవ్వడానికి పైకి వెళ్ళి చెప్పాం. మస్తాన్‌రావు కాదండీ, మస్తాన్ వలీ. ఆయన నోట్లు లెక్కపెడుతున్నాడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. "ముందే చెప్పాల్సింది" అన్నాడు. "చెబితే ఇచ్చేవారా?" అని అడిగాం. మాట రాలేదు ఆయనకి. ఖాళీ చెయ్యమని అనలేదు, ఉండమనీ అనలేదు. ఆయన భార్య మెట్ల మీద కనిపిస్తే పాపని పలకరిస్తుంది, మమ్మల్ని పలకరించదు. పాప మాత్రం వీధి చివరి నుంచే అమ్మీ అని అరుస్తూ వస్తోంది.

మొహర్రం వస్తే మళ్ళీ స్వర్ణాల చెరువు. ఇల్లొచ్చింది కాబట్టి రొట్టె తిరిగివ్వాలని మాలో ఒకరంటారు. ఇదేం ఇల్లు, ఇది ఇచ్చినట్టు కాదని ఇంకొకరంటారు. ఆ రోజు నీళ్ళలో నిలబడి ఇద్దరం ఏం కోరుకున్నామో ఒకరికొకరం చెప్పుకోలేదు.