గోడ దాటిన దొండతీగ

తిరుపతిలో కపిలతీర్థం రోడ్డుకు కాస్త ఇవతల, మిద్దెక్కితే శేషాచలం కొండ బారుగా కనబడే ఒక కాలనీలో ఒక ఖాళీ జాగా ఉండేది. లేఅవుటు వేసినప్పుడు పార్కుకని వదిలిన జాగా. పార్కు రాలేదు. కంపచెట్లు వచ్చాయి, వాటి కిందికి కసువు వచ్చింది, కసువు కోసం ఆవులూ పందులూ వచ్చాయి. ఇల్లు కట్టినవాళ్లు మిగిలిన సిమెంటు పెళ్లలు అక్కడే పోసేవాళ్లు, ఇల్లు ఖాళీ చేసినవాళ్లు చిరిగిన పరుపులు అక్కడే పారేసేవాళ్లు. ఎవరినడిగినా ఆ జాగా తమది కాదనే చెప్పేవారు.

దానికి ఎదురింట్లో ఒక అయివారు ఉండేవారు. హైస్కూళ్లలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. వాసన పడలేక ఒక పొద్దున తానే గడ్డపార పట్టుకుని దిగారు. పింఛను డబ్బుతో కంప కొట్టించారు, ఎర్రమట్టి, పశువుల ఎరువు తోలించారు, గోడ ఎత్తించారు, ఇంటి బోరు నుంచి పైపు లాగారు. దారం పట్టి మడులు తీశారు. వంగ, మిరప, టమోటా, సిర్రాకు, గోగాకు, ఒక వరస కనకాంబరాలు, గేటు పక్కన జామ. మడికొక రేకుముక్క, దాని మీద పెయింటుతో మొక్క పేరు. ఏడాది తిరిగేసరికి దారిన పోయేవాళ్లు ఆగి ఫోన్లో ఫోటోలు తీసుకునేంత అందంగా తయారైంది.

సాయానికి జనం రాకపోలేదు. వెనక సందులో ఇడ్లీలంగడి పెట్టుకున్న అక్క, రోజూ కూరగాయల తొక్కు తెచ్చి వేస్తానంది. ఉప్పూ కారం కలిసిన తొక్కు ఎరువుకు పనికిరాదని చెప్పి పంపారు. ఒక ఆటో డ్రైవరు ఆదివారం పూట వచ్చి చెమటోడ్చి ఒక మడి తవ్వాడు. అతను ఇల్లు చేరేలోపే అయివారు అదే మడిని మళ్లీ తవ్వి చదును చేశారు. మిద్దె మీద నుంచి అతని భార్య చూసింది. మరుసటి ఆదివారం అతను రాలేదు. పిల్లలు నీళ్లు పోస్తామని ఎగబడితే, ఆకుల మీద కాదు, మొదట్లో పోయాలని చెప్పి చెప్పి చివరికి బిందె లాక్కున్నారు. చెప్పినవన్నీ సరైన మాటలే. చిక్కంతా అక్కడే వచ్చింది.

క్రికెట్ బంతి కోసం గోడ దూకిన ఒక బుడ్డోడు రెండు వంగమొక్కలు తొక్కాడు. ఆ సాయంత్రమే గేటుకు తాళం పడింది, తాళంచెవి అయివారి చొక్కా జేబులోకి పోయింది.

తూర్పు గోడ వారన నాటిన దొండకు మాత్రం ఈ సంగతులేవీ పట్టలేదు. గోడెక్కి అవతలి సందులోకి దిగి, అక్కడ కాపు పట్టింది. ఇడ్లీలక్క, ఆమె పక్కింటి టైలర్ భాయి, బాడుగిళ్లలో ఉన్న యూనివర్సిటీ పిల్లలు కాయలు కోసుకోవడం మొదలుపెట్టారు. అయివారు గోడ మీద నుంచి తొంగిచూసి నిలదీశారు.

"అడక్కుండా కోసుకుంటే దాన్నేమంటారమ్మా?"

"అదే మా పక్కకొచ్చె కదా అయివారూ, మేం పిలిస్తిమా?" అంది అక్క.

ఆయన నిచ్చెన తెచ్చి తీగనంతా ఇటు లాగి పురికొసతో కట్టారు. పది రోజుల్లో తీగ మళ్లీ అటే పోయింది. పొద్దుటి ఎండ అటువైపే మరి.

శివరాత్రి పోయాక కంటి ఆపరేషనుకు బెంగళూరులో కూతురింటికి వెళ్లారు. తాళంచెవీ ఆయనతోనే వెళ్లింది. నీళ్లు పోయడానికి డబ్బులిచ్చి ఒక మనిషిని పెట్టారు, గోడ దూకి పోయమని చెప్పారు. ఆ మనిషి కొన్నాళ్లు దూకాడు, తర్వాత మానుకున్నాడు. ఒక కన్ను అయ్యాక రెండో కన్నన్నారు. ఎండాకాలం సగం అక్కడే గడిచిపోయింది. చివరికి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చాటింపు పడేలోపు ఊళ్లో ఉండాలని పట్టుబట్టి బస్సెక్కారు. చాటింపు పడితే జాతర ముగిసేదాకా ఊరివాళ్లు ఊరు దాటిపోరు, తిరుపతిలో అది పాత కట్టు.

గేటు తీసి చూస్తే తోట లేదు. జామచెట్టు ఆకు రాల్చి మోడై నిలబడింది. మడులు బీటలిచ్చాయి. రేకుముక్కలు మాత్రం చెక్కుచెదరలేదు, వంగ, మిరప, సిర్రాకు అని వరసగా చదువుకోవచ్చు.

తూర్పు గోడ మీద దొండతీగ పచ్చగా ఉంది.

దగ్గరికి పోయి వంగి చూశారు. మొదట్లో మట్టి తడిగా ఉంది. వాననీళ్లు పోవడానికి గోడ అడుగున వదిలిన కంతలో నుంచి ఒక రబ్బరు గొట్టం ముక్క ఇటు పొడుచుకొచ్చింది. నిచ్చెనెక్కి అవతలికి చూస్తే, గొట్టం రెండో కొసకు అడుగు కోసిన నీళ్లబాటిలు తలకిందులుగా బిగించి ఉంది, గోడకు కొట్టిన మేకుకు తీగచుట్టతో కట్టి ఉంది. మట్టి మీద రెండు మూడు మెతుకులు ఎండి అంటుకుని ఉన్నాయి. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తొలిచిన నీళ్లు.

ఆయన నిచ్చెన మీద ఉండగానే సందులోకి ఒళ్లంతా కుంకుమ పూసుకుని బండవేషంలో ఒక బుడ్డోడు వచ్చాడు. బంతి కోసం గోడ దూకినవాడే. జాతరలో వేషం కట్టినవాడు ఎవరినైనా తిట్టొచ్చు, తిట్టించుకున్నవాడు కోపం చేసుకోకూడదు. వాడు ఏడాదిగా దాచుకున్నదంతా కక్కేశాడు. రాయదగింది ఒక్క మాటే: "నీ తాళమేసుకోని నువ్వే తిను, అయివారూ!"

ఇడ్లీలక్క చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చి వాణ్ణి కసిరింది. అయివారు ఆమెను అడిగారు, "నీళ్లు పోసిందెవరమ్మా?"

"అందరం పోసినాం. కాయలు కోసుకునేటోళ్లం, నీళ్లు పోయకుండా ఎట్లుంటాం?"

మర్నాడు ఆయన తాళంచెవి తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టబోయారు. ఆమె తీసుకోలేదు. "నా ఒక్కదాని దగ్గరెందుకు సామీ, ఇంకో నాలుగు చేయించండి" అంది.

తరువాత తోట మునుపటంత అందంగా ఎప్పుడూ లేదు. మడులు వంకరపోయాయి. మిరపల మధ్యలో ఎవరో బంతి విత్తనాలు చల్లారు. టైలర్ భాయి తెచ్చిన మునగకొమ్మ నాటకూడని చోట నాటుకుంది, దాని నీడకు టమోటాలు సరిగా కాయలేదు. కోసుకునే వంతు గురించి రెండిళ్లవాళ్లు కొన్నాళ్లు మాట్లాడుకోలేదు. అయివారు నోరు అదుపులో పెట్టుకోవడానికి పడిన కష్టం గడ్డపారతో పడినదానికన్నా ఎక్కువ. ఒక్కోరోజు అదుపు తప్పేది కూడా. కానీ గోడ మీద నుంచి కసువు విసిరేవాళ్లు లేకుండాపోయారు. విసిరేవాళ్లంతా లోపలే ఉన్నారు మరి.

ఆ ఏడు అనప వేశారు. సంక్రాంతి ముందు మంచు పడే రోజుల్లో కాయ ముదిరింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా మనుషులకు అనపగింజలంటే పితికిపప్పే. రాత్రి గింజలు నానేసి, పొద్దున జామచెట్టు కింద చాప పరిచి అందరూ కూర్చున్నారు. నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒత్తితే పొట్టులోంచి పప్పు చిటుక్కున ఎగిరి గిన్నెలో పడుతుంది, గురి తప్పితే పక్కవాళ్ల ఒళ్లో పడుతుంది. ఒక్కరే కూర్చుంటే తెమిలే పని కాదది. ఒకే వరసలో ఏళ్ల తరబడి కాపురముండి ఒకరి పేరొకరికి తెలియని మనుషులు ఆ పొద్దున పేర్లడుక్కున్నారు. ఆటో డ్రైవరు కూడా వచ్చాడు. అయివారు పితికిన గింజల్లో సగం చితికిపోతుంటే ఇడ్లీలక్క చూసి, ఆయన ముందు నుంచి గిన్నె లాక్కోలేదు.

నీతి: నలుగురి తోట కావాలంటే, నలుగురూ చేసే తప్పులకు కూడా అందులో మడి ఉండాలి.

ఐకమత్యమే బలమని చెప్పి ఈ కథను ముగించవచ్చు గానీ, అది అయివారికీ తెలుసు, బడిలో ఏటా చెప్పేవారు. ఆయన పాడు మనిషి కాదు. డబ్బు ఆయనది, చెమట ఆయనది, తెలివి ఆయనది. ఒంటరిగా చేసే మంచిపని మనిషిని నెమ్మదిగా యజమానిని చేస్తుంది. ఎదుటివాడి సాయం తక్కువరకంగా కనబడటంతో అది మొదలవుతుంది.

మన కొండ మీదే ఇంతకన్నా పెద్ద కథ ఉంది. రామానుజాచార్యుల ఆజ్ఞతో అనంతాళ్వార్ తిరుమలకు వచ్చి స్వామికి పూలతోట వేశాడు. తోటకు నీళ్ల కోసం చెరువు తవ్వుతుంటే నిండు చూలాలైన భార్య మట్టి మోసింది. సాయం చేస్తానని ఒక పిల్లవాడు వస్తే, ఈ సేవ మాది, నీకు భాగం లేదని తరిమాడు. పిల్లవాడు వినకుండా ఆ తల్లి చేతి గంప అందుకుంటే, కోపం పట్టలేక గునపం విసిరాడు. అది గడ్డానికి తగిలింది. గుడిలో చూస్తే మూలమూర్తి గడ్డాన రక్తం. ఆ గునపాన్ని మహాద్వారం దగ్గర గోడకు ఇప్పటికీ చూస్తాం. కథ చెప్పేవాళ్లు గడ్డం మీది పచ్చకర్పూరం దగ్గర చేతులు జోడించి ఆపేస్తారు. నాకు మాత్రం ఆ పిల్లవాణ్ణి తరిమిన కారణం దగ్గరే మనసు ఆగుతుంది. అంతటి భక్తుడికి కూడా సేవలో వాటా ఇవ్వబుద్ధి కాలేదు. స్వామి మాత్రం ఆ తోటను వదల్లేదు. బ్రహ్మోత్సవాలు ముగిసిన మర్నాడు భాగ్‌సవారి పేరుతో, అప్రదక్షిణంగా ఊరేగి పురుశైవారి తోటకు వెళ్లి వస్తాడు.

ఈ సీమకు కలిసి చేసే పని కొత్తదీ కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడకముందు, ఈ ప్రాంతంలో చాలా భాగం ఉత్తర ఆర్కాటులో ఉన్న కాలం నుంచీ, చెరువు పూడిక తీయడం, కాలువలు బాగుచేయడం ఆయకట్టు రైతుల వంతు. కుడిమరామత్తు అనేవారు. ఆ ఆనవాయితీ సడలుతోందని 1858లో మద్రాసు ప్రెసిడెన్సీకి నిర్బంధ శ్రమ చట్టం తెచ్చారు. చెరువు మాదనుకుని చేసిన పనిని చట్టం నిలబెట్టలేకపోయింది.

న్యూయార్క్ లాంటి నగరంలో జరిగింది దీనికి తిరగేసిన కథ. 1973లో లిజ్ క్రిస్టీ అనే ఆమె, ఆమె స్నేహితులు మాన్‌హాటన్‌లో చెత్త నిండిన ఒక మూలస్థలాన్ని శుభ్రం చేసి తోట వేశారు. మరుసటి ఏడు నగరపాలక సంస్థ ఆ జాగాను నెలకు ఒక డాలరు అద్దెకు వాళ్లకే ఇచ్చింది. ముందు మనుషులు దిగారు, కాగితం వెనక వచ్చింది. ఆ తోట ఇప్పటికీ ఉంది, దానికి ఆమె పేరే పెట్టారు.

ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం లేఅవుటులో పదో వంతు జాగా అందరికోసం ఖాళీగా వదలాలి. మీ కాలనీ ప్లానులో అది ఎక్కడుందో ఒకసారి చూడండి. చాలాచోట్ల అది కసువు కింద కనబడుతుంది. నలుగురూ కలిసి కార్పొరేషన్‌కో పంచాయతీకో ఒక అర్జీ రాసి, అనుమతి తీసుకుని మొదలుపెట్టండి. ఆవులు తిరిగే ఊళ్లు మనవి కాబట్టి గేటు తప్పదు, తాళమూ తప్పదు. చెవులు మాత్రం ఐదారిళ్లలో ఉండనివ్వండి, వాటిలో ఒకటి బాడుగకు ఉండేవాళ్లకు ఇవ్వండి. తిరుపతిలో చాలా వీధుల్లో బాడుగవాళ్లుంటారు, తోట పని దగ్గర వాళ్లను పిలిచేవాళ్లే తక్కువ.