మెగావాట్ల లెక్కలో మరుగునపడిన హక్కు

భూమి వేడెక్కుతోంది. బొగ్గు, చమురు మండించడం తగ్గించనిదే ఈ ఆపద తగ్గదని శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే అనంతపురం సీమలో వేరుశనగ రైతుకు వాతావరణం గతి తప్పితే ఏమవుతుందో ఒకరు చెప్పనక్కరలేదు. కనుక ఎండ నుంచి విద్యుత్తు తీయడం మంచి పనే. అందులో మాకు సందేహం లేదు. మా ప్రశ్న వేరు. మంచి పని పేరుతో బలహీనుని హక్కును పక్కన పెట్టవచ్చునా?

కేంద్ర ప్రభుత్వం 2010లో జాతీయ సౌర మిషన్ ప్రారంభించింది. ఆ తరువాత నాటి అనంతపురం జిల్లాలోని నంబులపూలకుంట మండలంలో (2022 నుంచి ఇది శ్రీ సత్యసాయి జిల్లా) భారీ సోలార్ పార్కు వెలసింది. 2016లో అక్కడ ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల ఉత్పత్తి ప్రారంభించింది. పార్కు కోసం వేల ఎకరాలు సేకరించారు. పట్టా ఉన్నవారికి పరిహారం లెక్కగట్టారు. ఏళ్ల తరబడి దున్నుకుంటున్నా కాగితం లేనివారు మాత్రం తమకేమీ దక్కలేదని మొరపెట్టుకున్నారు. అలాంటి సాగును రెవెన్యూ వారు 'శివాయిజమా' అంటారు. అంటే లెక్కకు వెలుపలిదని అర్థం. భూమితో పాటు మనిషి కూడా లెక్కకు వెలుపలే ఉండిపోయాడు!

బీడును సాగులోకి తెచ్చినవానికి దానిపై హక్కు ఉంటుందని దైవప్రవక్త (సల్లం) బోధించారు. దీనికి పాలకుని అనుమతి కావాలని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అవసరం లేదన్నారు. అనుమతి కావాలన్న అభిప్రాయాన్నే తీసుకున్నా, ఏళ్ల తరబడి సాగును చూస్తూ ఊరుకుని, అవసరం వచ్చిన రోజున దున్నినవాని శ్రమకు విలువే లేదనడానికి అది ఆధారం కాజాలదు.

అందరికీ కలిగే హానిని ఆపడానికి కొందరు నష్టం భరించక తప్పదు కదా అని కొందరనవచ్చు. ఫిఖ్‌హ్‌లో ఆ సూత్రం ఉన్నమాట నిజమే. కాని దాన్ని ఎలా అమలు చేయాలో సహాబాల జీవితాల్లో చూడండి. మస్జిదె నబవీ విస్తరణ కోసం ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఇల్లు అడిగితే హజ్రత్ అబ్బాస్ (రజి) ఇవ్వనన్నారు. తగవు తీర్చిన హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి) ఖలీఫాకు వ్యతిరేకంగా తీర్పు చెప్పారని ఉల్లేఖనాల్లో ఉంది. ఖలీఫా తలవంచారు. ఆ తరువాతే హజ్రత్ అబ్బాస్ (రజి) తన ఇష్టంతో ఆ ఇంటిని ఇచ్చేశారు. ప్రవక్త మస్జిదు కోసమే ఒక మనిషి హక్కును తొక్కరానప్పుడు, మెగావాట్ల కోసం ఎలా తొక్కగలం?

మన విధానాల్లోని లోపం ఇదే. ఎంత విద్యుత్తు వచ్చిందో లెక్క ఉంది. ఎవరి పొయ్యి ఆరిందో, ఏ గొర్రెలకాపరి మేతబీడు కంచె లోపలికి పోయిందో లెక్క లేదు. వేరే దారి లేదని కాదు. రైతు తన బీడు భూమిలోనే చిన్న సౌర కేంద్రం పెట్టుకునే వీలును 2019 నాటి పీఎం కుసుమ్ పథకం కల్పించింది. పెద్ద పార్కులకైనా గ్రామసభలో సాగుదారులందరినీ నమోదు చేసి, ఏటేటా కౌలు చెల్లించవచ్చు.

సోదరులారా! పాలకులను ప్రశ్నించేముందు మనల్ని మనం చూసుకుందాం. ప్రాజెక్టు వస్తుందని ముందే తెలిసి పేదవాని చేను కారుచౌకగా రాయించుకునే దళారుల్లో మనవారు ఉండకూడదు. అన్యాయంగా ఆక్రమించిన జానెడు నేల ప్రళయదినాన మెడకు చుట్టుకుంటుందన్న ప్రవక్త (సల్లం) హెచ్చరిక అధికారికీ, దళారికీ, మనకూ వర్తిస్తుంది. కాగితం లేని పొరుగువాడు ఏ మతస్థుడైనా సరే, అతని సాగుకు సాక్ష్యం చెప్పడం మన బాధ్యత.

దాసుల హక్కులను గుర్తించే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.