కాళ్ళలో చేరిన కొవ్వుకు ఆపరేషన్: సృష్టిని మార్చడమా, చికిత్సా?

యారాడ నుంచి భీమిలి దాకా మన సముద్రతీరంలో ఒక స్త్రీ కాళ్ళు లావెక్కితే ఇరుగుపొరుగు నోట వచ్చే మొదటి మాట ‘బోదకాలు’. వచ్చిన సంబంధాలు వెనక్కి పోవడానికి ఆ మాట ఒక్కటి చాలు. కోస్తాలో దోమల వల్ల ఆ జబ్బు వ్యాపించింది కనుక అనుమానం రావడం సహజమే. అయితే లావెక్కిన ప్రతి కాలూ బోదకాలు కాదు.

లిపిడీమా అనే వ్యాధి వేరే ఉంది. 1940లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు అలెన్, హైన్స్ దీన్ని వర్ణించారు. ఇది దాదాపు స్త్రీలకే వస్తుంది. తుంటి నుంచి చీలమండల దాకా రెండు కాళ్ళలోనూ సమానంగా కొవ్వు చేరుతుంది, పాదాలు మాత్రం మామూలుగానే ఉంటాయి. ముట్టుకుంటే నొప్పి, చిన్న దెబ్బకే కమిలిన మచ్చలు. పస్తులున్నా ఆ కొవ్వు పెద్దగా తగ్గదు. “తిండి తగ్గించుకో” అని కోడలిని రోజూ దెప్పేవారికి ఈ సంగతి తెలిస్తే బాగుండును.

ఆ కొవ్వును సన్నని గొట్టాలతో లాగివేసే ఆపరేషన్ ఉంది, లైపోసక్షన్ అంటారు. అందం కోసం చేయించుకునేదీ ఇదే. అందుకే ధర్మపరాయణులైన ఇళ్ళలో ప్రశ్న తలెత్తుతుంది: ఇది అల్లాహ్ సృష్టిని మార్చడం కాదా?

ఈ భయం నిరాధారమైనది కాదు. మనుషుల చేత దైవసృష్టిని మార్పిస్తానని షైతాను చేసిన శపథం సూరె నిసా (4:119)లో ఉంది. అందం కోసం పళ్ళ మధ్య సందు చేయించుకునే స్త్రీలు శాపగ్రస్తులని హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతోంది. కాని ‘అందం కోసం’ అన్న షరతును గమనించాలి. చికిత్స కోసమో, లోపం తొలగించడానికో అయితే తప్పులేదని ఇమామ్ నవవీ అక్కడే వివరించారు. యుద్ధంలో ముక్కు తెగిన హజ్రత్ అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన కొట్టింది. పురుషులకు నిషిద్ధమైన బంగారంతోనే ముక్కు చేయించుకోమని దైవప్రవక్త (సల్లం) ఆయనకు చెప్పారు. 2007లో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ లైపోసక్షన్‌ను పేరెత్తి మరీ ప్రస్తావించింది. బరువు వ్యాధి స్థితికి చేరి, వేరే మార్గం లేక, హాని భయం కూడా లేకపోతే అది జాయెజ్ అని తీర్మానించింది.

“సబర్ చెయ్యి” అంటారు కొందరు. కాళ్ళు నొప్పి పుట్టనివారికి ఆ మాట సులువు! భారీకాయులైన హజ్రత్ సౌదా (రజి) ముజ్దలిఫా నుంచి జనసమ్మర్దానికి ముందే బయలుదేరతానని కోరితే, దైవప్రవక్త (సల్లం) ఓర్చుకోమనలేదు, అనుమతించారు.

ఇక, నొప్పీ రోగమూ లేకుండా నిఖా లోగా సన్నబడాలని అప్పు చేసి కత్తికింద పడుకోవడానికి ఈ అనుమతి వర్తించదు. ఏది రోగమో కంటితో చూసి అత్తగారు గాని, మౌల్వీ గాని తేల్చలేరు. అది వైద్యుల పని. ఈ ఆపరేషన్ రోగాన్ని సమూలంగా తీసివేయదనీ, తర్వాత కూడా బిగుతు మేజోళ్ళు వేసుకోవలసి రావచ్చనీ ముందే అడిగి తెలుసుకోవాలి. పరీక్షకు లేడీ డాక్టరు దొరికితే ఆమె వద్దకే వెళ్ళాలి. దొరకనప్పుడు మగ డాక్టరు ముందు అవసరమైన మేరకే పరదా తొలగించవచ్చు, పక్కన భర్తో, మహ్రమో ఉండాలి.