సంతకానికి ముందు, అల్లుడూ

అల్లుడూ,

రెండు క్రేన్లూ మన చంద్రగిరి కుర్రాళ్లనూ వెంటేసుకొని రాజమండ్రి పక్క ఓఎన్‌జీసీ బావుల దగ్గర సబ్‌కాంట్రాక్టుకు పోతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. దామలచెరువు మండీలో తూకంలో సూటు కోత ఎంత, కమీషన్ ఎంత అని అడక్కుండా మీ నాయన ఏనాడూ మామిడి లోడు దించలేదు. నీ ఒప్పందంలోని మాటల్నీ అట్లే అడిగి తెలుసుకో నాయనా.

అన్నిటికన్నా ముందు స్టాండ్‌బై రేటు చూడు. బావి దగ్గర పని చేసే గంటల కంటే కాచుకునే గంటలే ఒక్కోసారి ఎక్కువ. కేసింగ్ పైపు చుట్టూ పోసిన సిమెంటు గట్టిపడాలి, లాగింగ్ వాళ్లు బావిలోకి పరికరం దించి కొలతలు తీసుకోవాలి, కోనసీమలో తుపాను వస్తే అదీ తగ్గాలి. అంతసేపూ నీ క్రేను నిలబడే ఉంటుంది. డ్రైవరు జీతం, తిండి, బండి కంతు మాత్రం ఆగవు. అట్లా కాచుకున్నందుకు ఇచ్చేదే స్టాండ్‌బై. పనిరేటు కంటే తక్కువే, కానీ ఒప్పందంలో ఆ మాట లేకపోతే అదంతా నీ జేబులోంచే. నీ బండే చెడిపోయి పని ఆగితే దాన్ని డౌన్‌టైమ్ అంటారు. దానికి పైసా రాదు, పైగా ఎల్‌డీ, అంటే ఆలస్యానికి జరిమానా కింద కోత పడొచ్చు. ఆగింది ఎవరి వల్లనో ఆ రోజే సర్వీస్ టికెట్టులో రాయించు, డ్యూటీలో ఉన్న అధికారి సంతకం తీసుకో. డ్యూటీ మారి ఆ అధికారి ఇంటికి పోయినాక నీ మాటకు సాక్ష్యం ఉండదు.

మొబిలైజేషన్ డబ్బు బండ్లను అక్కడికి చేర్చడానికి. తిరిగి తెచ్చుకునే ఖర్చు అందులో ఉందో లేదో విడిగా అడుగు. ‘బ్యాక్ టు బ్యాక్’ అని ఉంటే పెద్ద కాంట్రాక్టరు నెత్తిన ఉన్న షరతులన్నీ నీ నెత్తిన కూడా ఉన్నట్టే. ఆ పెద్ద ఒప్పందం చూపించమను, చూపించకపోతే ఆ పని వద్దు. ఇండెమ్నిటీ పేరాలో ఎవరి మనుషులకు, ఎవరి బండ్లకు జరిగిన నష్టం వాళ్లదే అని ఉండొచ్చు. అందుకే బీమా చేయించకుండా ఒక్క కుర్రాణ్నీ లోపలికి పంపొద్దు.

ముందే చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకో. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం చిన్న సంస్థకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలి.

డబ్బు కంటే నాకు మీ ప్రాణాల మీదే బెంగ. డ్రిల్లింగ్ మడ్ అనే బురద బరువు చాలక భూమిలోని గ్యాసు బావిలోకి చొరబడితే దాన్ని ‘కిక్’ అంటారు. అప్పుడు బావి నోరు మూసేది బీఓపీ అనే పరికరం. కిక్ అదుపు తప్పితే బ్లోఅవుట్. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో అంటుకున్న బావి రెండు నెలలకు పైగా మండింది. ఇంకొకటి, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కుకు ఆ వాసనే తెలీదు. వాసన పోయింది కదా అని ఎవురూ ముందుకు పోగూడదు. అలారం మోగితే ఎటు పరుగెత్తాలో, హాట్ వర్క్ పర్మిట్ లేకుండా వెల్డింగ్ ఎందుకు ముట్టగూడదో మనోళ్లకు మన మాటల్లోనే చెప్పు. తిరిగి వాళ్ల నోటితోనే చెప్పించుకో.

ఆదివారం ఆ కాగితాలు తీసుకొని ఇంటికి రా. ఇద్దరం కూర్చొని ప్రతి పేజీ చదువుదాం. అప్పటిదాకా సంతకం పెట్టొద్దు నాయనా.

మీ మామ