మడి, మసిగుడ్డ

ఆరేసిన మడిబట్టను పిల్లలు తగలకుండా ఎత్తైన దండెం మీద వేసి, కర్రతో దించుకునేవారు. స్నానం చేసి అది కట్టుకున్న ఇల్లాలు నైవేద్యం పెట్టేదాకా మరొకరిని తాకేది కాదు. ఆ నిష్ఠ గొప్పది. అయితే అదే ఇంట్లో పొయ్యి పక్కన ఒక మసిగుడ్డ ఉండేది, ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో ఉంది. గిన్నె దించడానికీ, గట్టు తుడవడానికీ, చెయ్యి తుడుచుకోవడానికీ అదే. జిడ్డు పట్టి, ఎప్పుడూ తడిగా, ఓ మూల వేలాడుతూ ఉంటుంది. వంటింట్లో సూక్ష్మజీవులకు బాగా అనువైన చోట్లలో అదొకటి.

తెలుగువాళ్లు ‘శుచీ శుభ్రం’ అని జంటగా అంటారు. ఆ రెండూ ఒకటేనా?

తెలుగునాట ఎన్నో వైదిక కుటుంబాలు అనుసరించేది ఆపస్తంబ సూత్రం. అందులోని ధర్మసూత్రం వంటవాడికి పెట్టిన నియమాలు ఈనాటి హోటల్ గోడ మీద రాసిపెట్టుకోదగ్గవి. అన్నానికి ఎదురుగా మాట్లాడకూడదు, దగ్గకూడదు, తుమ్మకూడదు. జుట్టునో బట్టనో తాకితే నీళ్లు ముట్టుకోవాలి. వెంట్రుక పడిన అన్నం, ఎలుక పెంట కలిసిన అన్నం తినరాదు. అదే గ్రంథం అన్నం తెచ్చినవాడి వర్ణాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. శుచికీ శుభ్రానికీ దారులు విడిపోయేది ఇక్కడే. తుమ్మును ఆపే నియమం తినేవాణ్ణి కాపాడుతుంది. పుట్టుకను చూసే నియమం తోటిమనిషిని అవమానిస్తుందే తప్ప ఎవరి కడుపునూ కాపాడదు.

భగవద్గీత 17వ అధ్యాయం తామసాహారాన్ని చెబుతూ ‘యాతయామం’ అంటుంది. యామం, అంటే జాము, గడిచిపోయిన అన్నమని అర్థం. జాము మూడు గంటలు. వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉండిపోతే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు.

మరి చద్దన్నం మాటేమిటి? రాత్రే నీళ్లూ మజ్జిగా పోసిన అన్నం పులుస్తుంది, ఆ పులుపులో ఇలాంటి సూక్ష్మజీవులు పెరగడం కష్టం. చింతపండు పులుసు పట్టిన పులిహోర ప్రయాణాల్లో నిలిచేదీ అందుకే. రాత్రంతా గిన్నెలో ఊరికే వదిలేసిన అన్నం మాత్రం వేరే సంగతి.

కాబట్టి మడిని వదిలేయనక్కర్లేదు, దాని చూపు మార్చాలి. మసిగుడ్డను రోజూ వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయడం మడే. మరుగుదొడ్డికి వెళ్లొచ్చినా, పచ్చిమాంసం ముట్టుకున్నా సబ్బుతో చేతులు కడుక్కోవడం మడే. బహిష్టు అయిన స్త్రీ వండితే ఆ కారణంగా ఎవరికీ జబ్బు చేయదు. పొయ్యి దగ్గరికి రాకూడనిది విరేచనాలతో ఉన్న మనిషి, అది ఇంటి పెద్దయినా, గుడి వంటస్వామి అయినా సరే. తగ్గిన తరువాత కూడా రెండు రోజులు వంటకు దూరంగా ఉండాలి.