ఆకలికి అడ్డుపడే మైల

పేగు ఆపరేషన్ చేసి పొట్ట మీద మలద్వారం (స్టోమా) అమర్చాక అన్నం సయించకపోవడానికి కొన్ని కారణాలు ఒంట్లోనే ఉంటాయి: కోత నొప్పి, మందుల వికారం, ఇంకా కుదుటపడని పేగు. అంతకన్నా మొండి కారణం సిగ్గు. తింటే స్టోమాకు తగిలించిన సంచి నిండుతుందని, వాసన వస్తే పక్కవాళ్లు జరిగి కూర్చుంటారని భయపడి చాలామంది తిండి తగ్గించేస్తారు. తినకపోయినా స్టోమా పని ఆగదు. ఖాళీ పేగులో గాలి చేరుతుంది, సత్తువ మాత్రం పోతుంది. అందుకే వండిపెట్టడానికి ముందే భార్యకైనా భర్తకైనా ఒక ధర్మప్రశ్న ఎదురవుతుంది: శరీరం నుంచి వెలువడేది మనిషిని మైలపరుస్తుందా?

డోర్నకల్ క్రైస్తవ సంఘం ఈ ప్రశ్నను మరో రూపంలో ఎదుర్కొంది. 1912లో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్‌గా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య ఈ ఊరు కేంద్రంగా పనిచేశారు. ఆయన కాలంలో సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. చచ్చిన పశువును మోసి తోలు పని చేసేది మాదిగలే అయినా, ఇద్దరికీ మైల అంటగట్టి ఊరి బయట ఉంచారు. 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్‌లో ప్రభు భోజనానికి వాళ్లే పెద్ద సంఖ్యలో వచ్చారు. మార్కు సువార్త ఏడో అధ్యాయం కూడా కడుపులోకి వెళ్లి బయటికి పోయే దానిలో అపవిత్రత లేదనీ, హృదయంలో పుట్టే చెడులోనే ఉందనీ చెబుతుంది. లేవీయకాండంలోని స్రావాల నియమాలు చూపించి రోగిని ఆరాధనకు దూరం పెట్టేవారు ఈ అధ్యాయాన్ని దాటిపోలేరు. హిందూ ఇళ్లలో మడి పేరుతో వచ్చే సందేహానికీ అన్నాన్ని బ్రహ్మంగా చెప్పిన తైత్తిరీయోపనిషత్తులో ఆసరా ఉంది.

కాబట్టి సేవ సంచి దగ్గరే మొదలవ్వాలి. అది మూడోవంతు నిండగానే క్లిప్పు తీసి ఖాళీ చేయడం, చివర తుడవడం, చుట్టూ చర్మం ఒరిసిందేమో చూడడం, ఇవన్నీ ముఖం చిట్లించకుండా చేయాలి. స్టోమా పెదవి లోపలి పొరలా ఎర్రగా, తడిగా ఉంటుంది. దానికి నొప్పి తెలియదు. ఆ ముఖం చిట్లింపు మాత్రం మనిషికి తెలుస్తుంది, ఆ పూట ముద్ద దిగదు.

తిండి విషయంలో రాజుల మొదటి గ్రంథంలోని ఏలీయా కథ మంచి దారి చూపిస్తుంది. చావు కోరుకుని పడుకున్నవాణ్ణి దూత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. అతను తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి తినమన్నాడు, మందలించలేదు. "నా మీద ఒట్టు, ఈ ముద్ద తిను" అనడం ప్రేమతోనే అయినా, రోగి మీద ఇంకో బరువు. గంటన్నరకో రెండు గంటలకో కొంచెం పెట్టడం మేలు: పెసరకట్టుతో మెత్తగా కలిపిన అన్నం, ఉడికించిన గుడ్డు, అరటిపండు. స్టోమా చిన్నపేగుకు పెట్టింది (ఇలియోస్టమీ) అయితే నీటితోపాటు ఉప్పూ పోతుంది. వట్టి నీళ్లే ఎక్కువగా తాగిస్తే సరిపోదు. ఓఆర్ఎస్, ఉప్పు వేసిన గంజి, మజ్జిగ కావాలి. మొదటి 6–8 వారాలు కొబ్బరి, మొక్కజొన్న, పల్లీలు వద్దు, పేగుకు అడ్డం పడొచ్చు. సంచిలోకి రోజుకు 1500 మిల్లీలీటర్లకు మించి పల్చగా పోతున్నా, అసలేమీ రాకుండా పొట్ట నొప్పి, వాంతులు ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సత్తువ వచ్చేకొద్దీ నడక పెంచాలి. హెర్నియా రాకుండా బరువులు మాత్రం డాక్టరు చెప్పేదాకా ఎత్తకూడదు. చేయి నిలకడపడ్డాక సంచి మార్చుకోవడం రోగికే అప్పగించాలి. పెళ్లిలో వ్యాధిలోనూ విడువనని చేసిన ప్రమాణంలో ఆ పనిని రోగి చేతికే వదిలిపెట్టడమూ ఉంది.