స్కోపు ఎంత దూరం చూపాలి?

దశరథుడు తన చివరి రాత్రి కౌసల్యకు ఒక పాత పాపం చెప్పుకుంటాడు. యువరాజుగా ఉన్న రోజుల్లో, వానాకాలపు చీకట్లో, సరయూ ఒడ్డున కుండ నిండుతున్న చప్పుడు విని ఏనుగు నీళ్లు తాగుతోందనుకుని బాణం వేశాడు. ముసలి తల్లిదండ్రుల కోసం నీళ్లు ముంచుతున్న మునికుమారుడు కూలిపోయాడు. ఈ కథలో ఆ బాణం గురి తప్పలేదన్న సంగతిని మనం సాధారణంగా పట్టించుకోం. చప్పుడును బట్టి కొట్టే విద్యలో ఆయనకు గొప్ప పేరుండేది, ఆ రాత్రి ఆ విద్య ఏ లోపమూ లేకుండా పనిచేసింది. లేనిదల్లా అక్కడ ఉన్నది ఎవరన్న ఎరుక. ఆ తప్పును వాల్మీకి చాలా జాగ్రత్తగా తూచాడు. తెలియక చేశావు కనుక బతికిపోయావు, తెలిసి చేసి ఉంటే నీ తల ఏడు వక్కలయ్యేదని ఆ ముసలి తండ్రి అంటాడు. అయినా పుత్రశోకంతో పోతావన్న శాపం మాత్రం తప్పలేదు. తెలియకపోవడం వల్ల పాపం తగ్గింది గానీ చెరిగిపోలేదు. ఎందుకంటే, తెలుసుకునే వీలు లేని చోటికి బాణం వదలాలని నిర్ణయించుకున్నది దశరథుడే.

చేతికి అందే దూరం తెలివికి అందే దూరాన్ని దాటినప్పుడు బాధ్యత ఎంతవరకు సాగుతుంది? ఈ ప్రశ్న ఇవాళ అమెరికా పడమటి కొండల్లో జింకనో ఎల్క్‌నో అర కిలోమీటరు అవతల నుంచి కొట్టే వేటగాళ్ల ముందు, ముఖ్యంగా వాళ్లు రైఫిలుకు స్కోపు ఎంచుకునేటప్పుడు నిలబడుతుంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట తలుపు దాదాపు మూసేసింది. అక్కడ అది లైసెన్సుతో సాగే చట్టబద్ధమైన పని, అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లకూ ఆ దారి తెరిచే ఉంది.

స్కోపు బొమ్మను దగ్గర చేస్తుంది, జంతువును కాదు. మధ్యలో ఉన్న గాలీ కాలమూ అలాగే ఉంటాయి. ఇప్పుడు బాగా వాడుకలో ఉన్న 6.5 క్రీడ్‌మూర్ తూటానే తీసుకుందాం. సెకనుకు 820 మీటర్ల వేగంతో బయలుదేరినా, 450 మీటర్లు చేరడానికి దానికి సుమారు 0.6 సెకన్లు పడుతుంది. ఆ కాస్త వ్యవధిలో జింక ఒక అడుగు ముందుకు వేయగలదు. గాలి ఇంకా కఠినమైన పరీక్ష. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి ఆ దూరంలో గుండును దాదాపు 40 సెంటీమీటర్లు పక్కకు తోస్తుంది. గాలి వేగాన్ని అందులో సగం మేర తప్పుగా అంచనా వేస్తే గుండు 20 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు అడ్డంగా 20 నుంచి 25 సెంటీమీటర్లు మాత్రమే. సరిగ్గా మధ్యకు గురిపెట్టినా ఆ తూటా పొట్టలో పడవచ్చు. ఇక 730 మీటర్లకు వెళితే అదే అంచనా తప్పు అర మీటరు దాటుతుంది. దూరాన్ని రేంజ్‌ఫైండర్ చెబుతుంది, గుండు ఎంత కిందికి జారుతుందో లెక్కగట్టి స్కోపు మీద గురి సర్దే టరెట్ తిప్పుకోవచ్చు. లోయ మధ్యలో గాలి ఎటు మళ్లుతుందో, జింక మరుక్షణం ఏం చేస్తుందో ఖాయంగా చెప్పే అద్దం మాత్రం ఇంతవరకు రాలేదు.

ఎంపికలో పొరపాటు ఎక్కువగా మాగ్నిఫికేషన్ దగ్గరే జరుగుతుంది. 25 రెట్లు పెద్దది చేసి చూపే స్కోపు జింక కంటిరెప్పను కూడా పట్టిస్తుంది గానీ, దాని చుట్టూ ఉన్న లోకాన్ని కోసేస్తుంది. పక్కన పొదలో ఇంకో జంతువుందా, వెనక గట్టుందా, మనిషున్నాడా అన్నది ఆ ఇరుకు వలయంలో కనబడదు. రైఫిలు తన్నగానే జంతువు చూపులోంచి మాయమవుతుంది. దెబ్బ తగిలిందా, ఎటు పరుగెత్తింది, ఎలా కుంటింది అన్నది తెలియాల్సింది సరిగ్గా అప్పుడే. వెలుతురు సంగతీ ఇంతే. 56 మిల్లీమీటర్ల లెన్సు 25 రెట్ల దగ్గర కంటికి 2 మిల్లీమీటర్ల పైచిలుకు వెలుగుచుక్కనే ఇస్తుంది. 8 రెట్లకు తగ్గిస్తే అది 7 మిల్లీమీటర్లవుతుంది. మునిమాపు వేళ బయటికొచ్చే జంతువును గుర్తుపట్టడానికి కావలసింది ఈ రెండోదే.

ఎరుక అందని దూరం నుంచి కొట్టకూడదన్న నా వాదానికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనదాన్నే ముందు తీసుకుంటాను. దూరం నుంచి కొట్టినప్పుడు జంతువుకు భయమే తెలియదు, మేస్తూ మేస్తూ ఒరిగిపోతుంది, దగ్గరికెళ్లి బెదరగొట్టి కొట్టడం కన్నా ఇదే దయ కదా అంటారు. గుండు చేరవలసిన చోటికి చేరితే ఆ మాట నిజం. చేరనప్పుడు ఆ దూరమే క్రూరమవుతుంది. లోయ దాటి రక్తపు జాడ అందుకునేసరికి గంట గడిచిపోవచ్చు, జాడే దొరకకపోవచ్చు. దశరథుడికి కనీసం ఆ అరుపు వినబడింది. పరుగున వెళ్లాడు, బాణం లాగాడు, తల్లిదండ్రులకు కబురు తానే మోశాడు.

చాటు నుంచి కొట్టడం తప్పైతే రాముడు వాలికిచ్చిన సమాధానం ఏమవుతుందని ఇంకొకరు అడగవచ్చు. వేటలో జంతువు ఎదురుగా ఉన్నా, పెడమొహంతో ఉన్నా, వేటగాడు దాగి ఉన్నా దోషం లేదని రాముడు అక్కడ వాదిస్తాడు. నా వాదం చాటు గురించి కాదు. ఆ బాణం ఎక్కడ దిగుతుందో, ఎవరికి దిగుతుందో రాముడికి స్పష్టంగా తెలుసు. థియొడోర్ రూజ్‌వెల్ట్ 1887లో స్థాపించిన వేటగాళ్ల సంఘం బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ కూడా ఇన్ని గజాలని గీత గీయలేదు. ఎంత దూరం కొట్టగలనో చూసుకోవడమే ఉద్దేశమైతే దాన్ని వేట అననక్కర్లేదని తేల్చింది. నేనైతే ఉద్దేశం కన్నా ఎరుకకే ముందు చోటిస్తాను. మంచి మనసున్న వేటగాడి గుండునూ గాలి తోసేస్తుంది కదా.

చంపడమే తప్పయినప్పుడు గజాల లెక్కలెందుకని శాకాహారి అడిగితే, ఆ ప్రశ్నను నేను గౌరవిస్తాను. కానీ మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడు నాగలి కింద నలిగే ప్రాణుల్ని కూడా లెక్కలోకి తెస్తాడు. హింస పూర్తిగా లేని బతుకు ఎవరికీ లేదు. కాబట్టి ఎంత హింస, ఎంత జాగ్రత్తతో అన్న ప్రశ్న వేటగాడినీ వదలదు, రైతునూ వదలదు.

అందుకే స్కోపు కొనబోయేవారికి ఈ విన్నపం. మాగ్నిఫికేషన్‌లో పై అంకె కన్నా కింది అంకె చూడండి, 3 లేదా 4 రెట్ల దగ్గర మొదలయ్యేది తీసుకోండి. చల్లబడిన రైఫిలుతో, మీరు వేటాడే కొండగాలిలో, మోకాలి మీద కూర్చుని వేసిన మొదటి గుండు ప్రతిసారీ 20 సెంటీమీటర్ల వలయంలో పడే దూరమెంతో లక్ష్యఫలకం మీద తేల్చుకోండి. అది 250 మీటర్లే కావచ్చు. అంతకు మించి కనబడిన జంతువును స్కోపులో తీరిగ్గా చూడండి, ట్రిగ్గర్ మీది నుంచి వేలు తీసేయండి.